మెట్ల మీద పడనివాడు

"పోయాడంటే నమ్ముతాను. యుద్ధానికెళ్లినవాడు పోవచ్చు. మెట్ల మీద పడ్డాడంటే మాత్రం చచ్చినా నమ్మను."

కబురు తెచ్చిన ఆఫీసరుతో అక్క అన్న మొదటి మాట అది. ఆఫీసరు పాపం కుర్రవాడు. టోపీ చంకలో పెట్టుకుని, ఎలా చెప్పాలో దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాడు. శత్రువులు మీదికి వచ్చేస్తుంటే ఒక పాత గిడ్డంగి పై అంతస్తు నుంచి గాయపడినవాళ్లను కిందికి దించుతూ, ఆమె తమ్ముడు మెట్ల మీద నుంచి పడి చనిపోయాడని చెప్పాడు. ఆమె ఏడుస్తుందని, తను ఓదార్చాలని సిద్ధపడి వచ్చినవాడికి ఎదురు ప్రశ్నలు పడేసరికి పాలుపోలేదు.

"చేతుల్లో బరువుందా అప్పుడు?"

"ఉండే ఉంటుందండీ. దించుతూ దించుతూనే పడ్డారని రాశారు."

"మరి ఆ బరువేమైంది? వాడి చేతుల్లో ఉన్న మనిషి ఏమయ్యాడు?"

ఆ సంగతి ఆఫీసరుకు తెలియదు. కనుక్కుని చెబుతానన్నాడు గానీ, కనుక్కునే మొహం కాదని అక్కకు అప్పుడే అర్థమైంది. అతను మెట్లు దిగి వెళ్తుంటే, అంత దుఃఖంలోనూ, రెండో మలుపు దగ్గర తల కాస్త వంచమని పైనుంచి కేకేసింది. అక్కడ దూలం కిందికి ఉంటుంది. కొత్తవాళ్లందరికీ నుదురు తగులుతుంది.

తమ్ముడు పోయాడన్న వార్త కన్నా పడ్డాడన్న మాటకు ఆమె అంత మండిపడడం చూసినవాళ్లకు వింతగానే ఉండవచ్చు. ఆ ఇంటివాళ్ల పనేమిటో తెలిస్తే వింత ఉండదు. వాళ్లు ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల సామాను దించి, ఎక్కించి, కొత్త ఇంటికి చేర్చేవాళ్లు. ఆ ఊళ్లో ఇళ్లన్నీ ఇరుకైనవి, ఎత్తైనవి. కట్టినవాళ్లు మెట్ల మీద మనుషులు నడుస్తారని ఆలోచించారు గానీ బీరువాలు కూడా నడవాలని ఎవరికీ తట్టలేదు. అంతస్తుకో మలుపు, మలుపుకో మూల, మూలకో సందు. అలాంటి మెట్ల మీద తాతల నాటి అద్దాల బీరువాను గీత పడకుండా దించడమంటే మాటలు కాదు. అది ఆ ఇంటివాళ్లకు తండ్రి నేర్పిన విద్య. ఆయన నడుము పట్టేశాక మోకులు, గోనెపట్టాలు, తోపుడుబండి పిల్లలిద్దరికీ వచ్చాయి.

పై కొస అక్కది, కింది కొస తమ్ముడిది. పై కొస పట్టినవాళ్లు దారి చూసుకుంటూ దిగవచ్చు. కిందివాడికి ఆ భాగ్యం లేదు. వాడు వెనక్కి నడుస్తాడు, కాలితో తడుముకుంటూ, కనపడని మెట్టు మీద అడుగేస్తూ. బరువులో ముప్పాతిక వాడి చేతుల మీదే ఉంటుంది. అందుకని ఆ పనిలో కిందివాడి మాటే మాట. వాడు ఆగమంటే ఆగాలి, ఎత్తమంటే ఎత్తాలి. పై కొస పట్టినవాడు మామగారైనా సరే, ఇంటి యజమానైనా సరే, ఎందుకని అడగకూడదు. నేల చేరాక ముందు పైవాడు దించి "దించా" అనాలి. అది చెవిన పడ్డాకే కిందివాడు చేతులు వదలాలి. తండ్రి ఇద్దరి బుర్రల్లోకీ ఈ రెండు ముక్కలూ మొట్టికాయలతో సహా ఎక్కించాడు.

తమ్ముడిలో ఇంకే గొప్పా లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. చదువు అబ్బలేదు. పాట పాడితే కుక్కలు మొరిగేవి. ఒళ్లు కూడా పెద్ద పహిల్వాను ఒళ్లేమీ కాదు. కానీ పట్టుకున్నాడంటే ఉడుంపట్టే. ఒకసారి జడ్జిగారి ఇంట్లో నిలువుటద్దం దించుతుంటే మూడో అంతస్తు దగ్గర కందిరీగ వచ్చి కనురెప్ప మీద కుట్టింది. కన్ను వాచి మూసుకుపోయింది. వాడు "అక్కా, ఆగు" అన్నాడు, ఒక్క నిట్టూర్పు విడిచాడు, "పద" అన్నాడు. అద్దం బండెక్కాక గానీ "అబ్బా" అనలేదు. అన్నాక మాత్రం వీధి వీధంతా వినపడేలా అన్నాడు.

వెనక్కి నడిచి నడిచి వాడికి అదే అలవాటైపోయింది. ఉత్త చేతులతో ఉన్నా మెట్లు వెనక్కే దిగేవాడు. వీధిలో అందరూ ఎండ్రకాయ అని పిలిచేవాళ్లు. అసలు పేరు పెట్టి పిలిస్తే వాడే పలికేవాడు కాదు. "నన్నేనా?" అని అటూ ఇటూ చూసేవాడు.

యుద్ధం వచ్చింది. వీధిలో మిగతావాళ్లకు వచ్చినట్టే వాడికీ పిలుపు వచ్చింది. కాల్బలంలో మామూలు సిపాయి. తుపాకీ గురి అంతంతమాత్రం, బూట్లకు మెరుగు అంతకన్నా తక్కువ. శిక్షణలో వాడు అందరి నోళ్లలో పడ్డది ఒకే ఒక్కసారి. తూటాల పెట్టెను కొండవాలు మీద నుంచి కిందికి దించమన్నారు. పెట్టె పెద్దది, పై కొస పట్టుకోవడానికి మనుషులు చాలక సార్జెంటే చెయ్యి వేశాడు. బుర్రమీసాల సార్జెంటు. ఆయన తుమ్మితే సిపాయిల బారకాసులో మంచాలు సర్దుకునేవి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఆ ముచ్చట వాడే అక్కకు చెప్పాడు, దువ్వెన మూతి మీద అడ్డంగా పెట్టుకుని మరీ.

"చేతిలో బరువు పడగానే నాకింకేం గుర్తుండదు కదక్కా. 'ఆగవయ్యా! ఎడం పక్కకి! ఎత్తు, ఎత్తు, అంత తొందరేంటి నీకు!' అని ఒకటే కేకలు."

"సార్జెంటునా? ఒరేయ్, నీ తల తీసెయ్యలేదా?"

"తీసేవాడే. కానీ దిగేదాకా నా మాట విన్నాడక్కా, బుద్ధిమంతుడిలాగా. 'దించు' అన్నాను, దించాడు. 'దించా అని చెప్పాలి' అన్నాను, 'దించా' అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తను సార్జెంటని."

శిక్షగా అదే పెట్టెను కొండ మీదికి ఒక్కడినీ మోయించారట. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. కింద అంతస్తులో బట్టలు కుట్టుకునే దర్జీ బాబాయి, ఏమైందోనని కత్తెరతో సహా పైకి వచ్చి, ఆయనా విని, ఆయనా నవ్వాడు. సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు వాడు సంచీ భుజాన వేసుకుని ఎప్పటిలాగే వెనక్కి దిగాడు. అందువల్ల మలుపు తిరిగేదాకా వాడి ముఖం అక్కకు కనపడుతూనే ఉంది. ఆ తర్వాత వాడిని ఆమె చూడలేదు.

ఇప్పుడు వాడు పోయాడు. సరే, గుండె రాయి చేసుకోవచ్చు. కానీ చేతుల్లో బరువుతో మెట్ల మీద పడ్డాడంటే ఏమిటి అర్థం? బరువు కూడా పడిందనే. అక్కడ బరువంటే బీరువా కాదు, గాయాలతో ఉన్న మనిషి. ఎవరో తల్లి కన్న బిడ్డను వాడు చేతులారా జారవిడిచి చచ్చిపోయాడని సైన్యంవాళ్లు చెప్పిపోయారు. ఆ మాట ఒక్కటి అడ్డం పడి ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

ఓదార్చడానికి వచ్చిన దర్జీ బాబాయి పుండు మీద కారం చల్లాడు. కావాలని కాదు, ఆయన నోరే అంత.

"ఎంత గజ ఈతగాడైనా పోయేది నీళ్లలోనే కదమ్మా. మెట్లన్నాక ఎవరికైనా కాలు జారుతుంది. మనసులో పెట్టుకోకు."

"నా తమ్ముడికి జారదు బాబాయ్."

"అదికాదమ్మా, పైన బాంబులు, కింద పొగ, మనిషన్నాక..."

"కందిరీగ కుట్టినా జారనివాడికి బాంబుకు జారుతుందా?" అని తలుపు వేసేసింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడడం మానేసింది. ఆయన కుట్టిన జాకెట్టు కూడా తొడుక్కోవడం మానేసింది. ఆమె కోపం అలాంటిది మరి. వస్తే గుమ్మం దగ్గర ఆగదు, పెరట్లోకి కూడా వెళ్తుంది.

పని మానలేదు. కింది కొసకు ఒక కూలిమనిషిని పెట్టుకుని సామాను దించుతూనే, తీరిక దొరికినప్పుడల్లా సైనికాసుపత్రికి వెళ్లి వాకబు చేసేది. గిడ్డంగి పైనుంచి దించినవాళ్లు ఎవరైనా ఇక్కడున్నారా? ఎండ్రకాయ అనేవాడు మోసిన మనిషి ఎవరైనా బతికున్నారా? నర్సులకు మొదట్లో జాలేసింది, తర్వాత్తర్వాత నవ్వొచ్చింది. గుమాస్తా అయితే తేల్చి చెప్పేశాడు. "అమ్మా, నీ తమ్ముడు దేశం కోసం ప్రాణమిచ్చాడు. పడి పోతే ఏంటి, నిలబడి పోతే ఏంటి?"

"నీకేం లేదు నాయనా. నాకుంది," అంది అక్క. "నువ్వు కుర్చీలో కూర్చుని చేసే పని కాదది. ఆ మనిషి వస్తే నా చిరునామా చెప్పు, అంతే."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండిది అంతకన్నా. వెళ్లిన ప్రతిసారీ చిరునామా చెప్పి వచ్చేది. ఆమె గొడవ పడలేకనో ఏమో, ఆసుపత్రిలో ఆ చిరునామా తెలియనివాళ్లు లేకుండా పోయారు.

ఎండాకాలం పోయి చలిగాలులు మొదలయ్యాక, ఒక ఉదయం మెట్ల మీద చప్పుడైంది. మనిషి నడక కాదది, ఒక అడుగు, ఒక కర్ర పోటు, ఒక రొప్పు. ప్రతి మలుపు దగ్గరా ఆగుతోంది. రెండో మలుపు దగ్గర దూలానికి నుదురు తగిలిన చప్పుడు, దాని వెంటనే ఒక తిట్టు వినపడ్డాయి. అక్క తలుపు తీసింది. గుమ్మం నిండా మనిషి. చంకలో కర్ర, మోకాలి దాకా కట్టు, మొహం నిండా చెమట. అంత లావు మనిషి ఆ మెట్లెక్కి పైకి రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఎండ్రకాయ వాళ్ల అక్కవి నువ్వేనా తల్లీ?"

"నేనే. మీరెవరు?"

"నేనా?" అని ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "నేనేనమ్మా నీ తమ్ముడు దించిన ఆఖరి సామాను."

అక్క కుర్చీ లాగి వేసింది. ఆయన ఆ దళానికి వంటమనిషట. వంటవాడు బక్కగా ఉంటే తిండి ఎవరు నమ్ముతారమ్మా అని తన లావుకు తనే సమాధానం చెప్పుకుని, నీళ్లు తాగి, మొదలుపెట్టాడు.

గిడ్డంగి పై అంతస్తులో గాయపడినవాళ్లను పడుకోబెట్టారు. తెల్లవారేసరికి శత్రువులు నది దాటారు. వెనక కాలువ మీది వంతెనను మనవాళ్లు ఇంకాసేపట్లో పేల్చేస్తారు, ఈలోగా అందరినీ దించి లారీలెక్కించాలి. స్ట్రెచర్లు మోసేవాళ్లు మొదటి మలుపులోనే ఇరుక్కుపోయారు. వంచితే మనిషి జారిపోతాడు, వంచకపోతే స్ట్రెచర్ తిరగదు. పైన మూలుగులు, కింద కేకలు. కింద తలుపు దగ్గర కాపలా ఉన్న ఎండ్రకాయ అది చూడలేక తుపాకీ గోడకానించి పైకి వచ్చేశాడు.

"వచ్చి ఏమన్నాడో తెలుసా తల్లీ? 'మలుపులో వంచకూడదు, కమ్మీ మీదికి ఎత్తి తిప్పాలి. తప్పుకోండి' అన్నాడు. కింది కొస తనే పట్టాడు. పై కొస ఎవరు పట్టాలి? మీసాల సార్జెంటు అక్కడే ఉన్నాడు. 'సార్, మీరు రండి. నా మాట వినడం మీకు అలవాటే కదా' అన్నాడు!"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్జెంటు విన్నాడమ్మా. కిక్కురుమనకుండా విన్నాడు. ఆగమంటే ఆగాడు, ఎత్తమంటే ఎత్తాడు. ఒకరి తర్వాత ఒకరిని అద్దాలు దించినట్టు దించేశారు. ఆఖరికి నేను మిగిలాను. నన్ను చూసి అందరూ నేల చూపులు చూశారు. నేనే అన్నాను, నన్నొదిలెయ్యండిరా, మీరైనా బతకండి అని. నీ తమ్ముడు నన్ను ఎగాదిగా చూసి, 'ఇంతకంటే పెద్ద బీరువాలు దించాం సార్. కాకపోతే అవి ఇంత మాట్లాడేవి కావు' అన్నాడు."

కాళ్లు కిందికి, తల పైకి పెట్టి దించారు. అందుకని దారి పొడుగునా వంటాయనకు ఎదురుగా ఎండ్రకాయ ముఖమే ఉంది. పై కొసలో ఉన్న సార్జెంటుకు పొగలో ఏమీ కనపడలేదు. రెండో అంతస్తు కిటికీ పక్కన మలుపు తిరుగుతుంటే బయట గుండు పేలింది. ఏదో ముక్క కిటికీలోంచి వచ్చి ఎండ్రకాయ వీపులో దిగింది.

"నేను చూశానమ్మా. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నేను అరవబోయాను, 'ఒరే, నీకు తగిలిందిరా' అని. తల అడ్డంగా ఊపాడు. 'కదలకండి సార్, మీరు కదిలితే ముగ్గురం పోతాం' అన్నాడు నెమ్మదిగా. పైకి మాత్రం గట్టిగా 'ఆగు' అన్నాడు. ఒక్క నిట్టూర్పు విడిచాడు. 'పద' అన్నాడు."

అక్కకు ఆ "ఆగు", ఆ నిట్టూర్పు, ఆ "పద" వినపడ్డాయి. వంటాయన గొంతులో కాదు, తమ్ముడి గొంతులోనే వినపడ్డాయి.

"రెండు అంతస్తులు తల్లీ. వీపులో ఇనుప ముక్కతో, వెనక్కి నడుస్తూ, నా అంత లావు మనిషిని పట్టుకుని రెండు అంతస్తులు దిగాడు. చెమట ధారగా కారుతోంది. నాకు ఏడుపొస్తోంది. అది చూసి నన్ను నవ్వించాలనుకున్నాడో ఏమో, 'మా అక్క గనక ఇక్కడుంటే మిమ్మల్ని రెండు ట్రిప్పులు చేసేది సార్' అన్నాడు."

అక్క ఒక్కసారిగా పకపకా నవ్వేసింది. ఎంతో కాలం తర్వాత ఆ గదిలో వినపడ్డ నవ్వు అది. వాడే. ముమ్మాటికీ వాడే. ఇంకెవరి నోట్లోంచీ ఆ మాట రాదు.

"కింద నేల తగిలాక 'దించండి సార్' అన్నాడు. సార్జెంటు దించి 'దించా' అన్నాడు. అది విన్నాకే వాడు నా కాళ్ల వైపు దించాడు."

అప్పుడు అక్క అడిగింది. ఇన్నాళ్లూ ఎవరిని అడగాలో తెలియక గొంతులో మోసుకు తిరిగిన ప్రశ్న.

"అన్నయ్యగారూ, నిజం చెప్పండి. నన్ను ఓదార్చడానికి చెప్పొద్దు. మిమ్మల్ని నేల మీద పెట్టినప్పుడు కుదుపు తగిలిందా?"

వంటాయన కళ్లు తుడుచుకున్నాడు. "లేదు తల్లీ. ఈ కాలు అప్పటికి మూడు చోట్ల విరిగి ఉంది. గాలి తగిలితే ప్రాణం పోయేది. వాడు దించినట్టు నాకు తెలియనే లేదు. నేల మీదున్నానని లారీవాళ్లు వచ్చి ఎత్తితే తెలిసింది."

లారీవాళ్లు ఆయనను ఎత్తుకుపోతుంటే ఎండ్రకాయ ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. పని అయిపోయినవాడిలా గోడకు చేరగిలబడి, హెల్మెట్ తీసి మోకాలికి తగిలించుకున్నాడు. సార్జెంటు రమ్మని పిలిస్తే, ఊపిరి తీసుకుని వస్తానన్నాడు. వంటాయనను లారీలో పెట్టి సార్జెంటు పరుగున వెనక్కి వెళ్లేసరికి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు. మోసుకు రావడానికి వ్యవధి లేక సార్జెంటు ఒక్కడే తిరిగొచ్చి ఆ సంగతి వంటాయనకు చెప్పాడు. లారీలన్నీ దాటాకే వంతెన పేలింది. ఆ భవనాన్ని తర్వాత తిరిగి పట్టుకున్నది వేరే దళం. మెట్ల కింద ఒరిగిపోయి ఉన్న సిపాయిని చూసి, వీపు తిప్పి చూడకుండానే, గాయపడినవాళ్లను దించుతూ పైనుంచి పడ్డాడని వాళ్లు అనుకున్నారు. అనుకున్నది రాసేశారు. సార్జెంటు ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు, వంటాయన ఇన్నాళ్లూ దూరాన వేరే ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక్కడికి మార్చిన రోజే నర్సు అడిగిందట, ఎండ్రకాయ మోసిన మనిషివి నువ్వేనా ఏంటి అని.

"సార్జెంటు నాతో ఒక మాట చెప్పి పంపాడమ్మా. పై కొస పట్టుకునే అదృష్టం తనకి దక్కిందని చెప్పమన్నాడు."

అక్క లేచింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, వీధిలోకి వంగి, సామాను దించేటప్పుడు కూడా ఎన్నడూ వెయ్యనంత కేక వేసింది.

"దర్జీ బాబాయ్! బయటికి రా! అందరూ రండి! మావాడు పడలేదు!"

కిటికీలు తెరుచుకున్నాయి. దర్జీ బాబాయి మెడలో టేపుతో వీధిలోకి వచ్చి తల పైకెత్తాడు. అక్క వంటాయనను చెయ్యిపట్టి కిటికీ దగ్గరికి తెచ్చింది. దళాన్నంతటినీ భోజనానికి పిలిచిన గొంతు ఆయనది, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడింది. బండ్లు ఆగిపోయాయి. "వీపులో ఇనుప ముక్కతో రెండు అంతస్తులు!" అని ఆయన అరిచినప్పుడు ఎవరో "ఎండ్రకాయా!" అని కేకేశారు. దాంతో వీధంతా అందుకుంది. చప్పట్లు, ఈలలు. దర్జీ బాబాయి ముసలి చేతులు రెండూ పైకెత్తి దణ్ణం పెట్టాడు.

"తప్పయిపోయిందమ్మా!" అని కింది నుంచి అరిచాడు. "నా నోరు పడ!"

"నువ్వు పైకి రా బాబాయ్, దగ్గర్నుంచి విను," అంది అక్క. అన్నాళ్లూ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. కిటికీ కమ్మీ పట్టుకుని, వీధంతా చూస్తుండగా, తల దించుకోకుండా ఏడ్చింది. బిడ్డలా పెంచుకున్న తమ్ముడు పోయాడు. ఇక రాడు. కానీ పట్టుకున్నవాళ్లందరినీ దించాకే పోయాడు.

వంటాయనకు ఏం చెయ్యాలో తోచక, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇంక చెప్పొద్దా తల్లీ?" అన్నాడు.

"చెప్పండి," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "పై మెట్టు నుంచి చెప్పండి. ఒక్క మెట్టు కూడా వదలొద్దు."